పాత సామాను నెట్‌లో అమ్మాలన్నా కొనాలన్నా: ప్రకటన రాయడం దగ్గర్నుంచి ఆర్సీ మారేదాకా

2003లో మా నాన్న పాత చేతక్ స్కూటర్ అమ్ముదామని పేపర్ ఏజెంటు దగ్గరికి బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. ఏజెంటు కాగితం మీద పెన్సిల్‌తో మాటలు లెక్కపెట్టి రేటు చెప్పాడు. నాన్న వెంటనే కాగితం వెనక్కి లాక్కుని ‘మంచి కండిషన్‌లో ఉన్న’ కొట్టేశారు. ‘ఆసక్తి గలవారు సంప్రదించండి’ కూడా కొట్టేశారు. ఆసక్తి లేనివాడు ఎందుకు సంప్రదిస్తాడు అన్నారు. చివరికి మిగిలింది: ‘చేతక్ 1994, సింగిల్ హ్యాండ్, రూ.9 వేలు, సా. 6 తర్వాత’, కింద ఫోన్ నంబరు. మూడు రోజుల్లో బండి పోయింది.

ఇప్పుడు ప్రకటనకి పైసా ఖర్చు లేదు. పేజీడు రాసుకోవచ్చు, డజను ఫొటోలు పెట్టుకోవచ్చు. అయినా ఏ సైట్ తెరిచినా కనిపించేది ‘సూపర్ కండిషన్, అర్జెంట్ సేల్, కాల్ మీ’. మోడల్ ఏ ఏడాదిదో ఉండదు, ఆర్సీ ఎవరి పేరు మీదుందో ఉండదు. అప్పట్లో రాసిన ప్రతి మాటకీ డబ్బు కట్టేవాళ్లం. ఇప్పుడు రాయని ప్రతి మాటకీ ఒక ఫోన్ కాల్ ఎత్తాలి. నెట్‌లో సామాను అమ్మడంలో సగం కష్టం ఇక్కడే తగ్గించుకోవచ్చు. మిగతా సగం డబ్బు చేతికొచ్చే దగ్గరా, కాగితాల దగ్గరా ఉంది.

ఇదంతా ఎలా మొదలైంది

క్రెయిగ్ న్యూమార్క్ అనే ఆయన 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తన స్నేహితులకి ఊళ్లో జరిగే కార్యక్రమాల గురించి ఈమెయిల్ పంపడం మొదలుపెట్టారు. ‘ఫలానాచోట ఇల్లు అద్దెకుంది’, ‘ఫలానా ఉద్యోగం ఖాళీ ఉంది’ అని జనమే అందులో చేర్చడం మొదలెట్టారు. మరుసటి ఏడాదికి అది వెబ్‌సైట్ అయింది. అదే క్రెయిగ్స్‌లిస్ట్. రంగులు లేవు, బొమ్మలు లేవు, చాలా ప్రకటనలకి డబ్బు లేదు. అమెరికా పత్రికలకి క్లాసిఫైడ్స్ (ఇలాంటి చిన్న ప్రకటనలు) మీద 2000లో దాదాపు 1,960 కోట్ల డాలర్లు వచ్చేవి. 2012 నాటికి అది 500 కోట్ల డాలర్ల లోపుకి పడిపోయింది. క్రెయిగ్స్‌లిస్ట్ ఒక్కటే కారణం కాదు గానీ, అది కొట్టిన దెబ్బ చిన్నది కాదు.

మన దగ్గర ఈ పని ముక్కలు ముక్కలుగా జరిగింది. 1997లో నౌకరీ డాట్ కామ్ వచ్చి ఉద్యోగ ప్రకటనల్ని పట్టుకుపోయింది. పెళ్లిసంబంధాలది వేరే దారి. 2005, 2006 ప్రాంతంలో 99 ఎకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్ ఇళ్ల స్థలాల మీద పడ్డాయి. పాత సామాను సంగతి ఓఎల్ఎక్స్, క్వికర్ చూసుకున్నాయి. ఓఎల్ఎక్స్‌ని 2006లో ఫాబ్రిస్ గ్రిండా, అలెక్ ఆక్సెన్‌ఫర్డ్ మొదలుపెట్టారు. క్వికర్ 2008లో వచ్చింది. 2023లో ఓఎల్ఎక్స్ భారత వ్యాపారాన్ని కార్‌ట్రేడ్ సంస్థ రూ.537 కోట్లకి కొంది. ఈలోపు ఫేస్‌బుక్ కూడా మార్కెట్‌ప్లేస్ తెరిచింది.

పేపర్లో ఇంకా మిగిలినవి చూడండి: వధూవరులు, పేరు మార్పు, శ్రద్ధాంజలి, స్థలం కొనేముందు లాయరు ఇప్పించే పబ్లిక్ నోటీసు. వీటన్నిటికీ కత్తిరించి దాచుకునే కాగితం ముక్క కావాలి. ఫ్రిజ్ అమ్మడానికి అక్కర్లేదు.

మొదటి మెట్టు: ఎక్కడ పెట్టాలి

బండి, ఫోన్, టీవీ, ఫ్రిజ్ లాంటివి ఓఎల్ఎక్స్‌లోనూ, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనూ రెండుచోట్లా పెట్టండి. మంచం, సోఫా, డైనింగ్ టేబుల్ లాంటి బరువు సామాను ముందు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. దూరం నుంచి వచ్చేవాడికి ఆటో ట్రాలీ కిరాయే సోఫా ధరలో పావు వంతు అవుతుంది, ఆ పావు మీ బేరంలోంచే పోతుంది. పక్క బ్లాకు వాళ్లయితే ఇద్దరు మనుషులు మోసేస్తారు.

అద్దె ఇంటికి మాత్రం నా ఓటు ఇప్పటికీ గేటుకి కట్టిన టూ-లెట్ బోర్డుకే. నెట్‌లోనూ పెట్టండి, కానీ బోర్డు చూసి వచ్చేవాడు వీధి చూసి, నీళ్ల ట్యాంకరు వస్తుందో లేదో పక్కింట్లో అడిగి, సగం మనసు కుదుర్చుకున్నాకే బెల్లు కొడతాడు.

అమెరికా వెళ్లిన పిల్లలకి ఇంట్లోంచి చెప్పే మాట ఒకటుంది. అక్కడ పరుపు, టేబుల్ లాంటివి క్రెయిగ్స్‌లిస్ట్‌లోనో మార్కెట్‌ప్లేస్‌లోనో చవగ్గా దొరుకుతాయి, రూమ్మేట్ల కోసం మనవాళ్లు సులేఖ సైట్ చూస్తారు. ఇక్కడి నుంచి విమానం ఎక్కకముందే గదికి అడ్వాన్స్ పంపమంటే మాత్రం, అక్కడ తెలిసినవాళ్లెవరైనా వెళ్లి గది చూసేదాకా డాలరు కూడా పంపొద్దు.

రెండో మెట్టు: ఫొటోలు

పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వద్దు. బండైతే నాలుగు వైపులా, మీటర్ రీడింగ్, రెండు టైర్లూ. ఫ్రిజ్ అయితే తలుపు తీసి, లోపల బల్బు వెలుగుతుండగా తీయాలి. ఆ బల్బు ఒక్కటీ ‘పనిచేస్తుందా అండీ’ అనే కాల్స్‌ని సగానికి తగ్గిస్తుంది. గీతలు, సొట్టలు ఉంటే దాచకుండా దగ్గర్నుంచి తీయండి. ఎలాగూ వచ్చి చూసేవాడు మొదట వేలుపెట్టేది దానిమీదే. ఇంట్లో నిలబెట్టి చూపిస్తే బేరంలో వెయ్యి తగ్గిస్తాడు, ఫొటోలో ముందే చూసొస్తే ఆ మాటే ఎత్తడు.

నంబరు ప్లేటులో చివరి అంకెలు మూసేయండి. ఆర్సీ, ఆధార్, ఫోన్ బిల్లు ఫొటోలు ప్రకటనలో పెట్టకండి. వాటిని తీసుకుని మీ బండినే ఇంకోచోట తన బండిలా అమ్మకానికి పెట్టే ఘనులున్నారు.

మూడో మెట్టు: రాయడం

రోజూ కనిపించే ప్రకటన ఇలా ఉంటుంది:

‘హోండా యాక్టివా సూపర్ కండిషన్. షోరూమ్ పీస్. అర్జెంట్ సేల్. టైంపాస్ గాళ్లు కాల్ చేయొద్దు.’

అదే బండికి ఇలా రాయొచ్చు:

‘యాక్టివా 6జీ, 2020 నవంబరు, ఫస్ట్ ఓనర్, 31,400 కి.మీ. ఆర్సీ నా పేరు మీదే. ఫైనాన్స్ లేదు, చలాన్లు లేవు. తెలంగాణ రిజిస్ట్రేషన్. ఇన్సూరెన్స్ మార్చి దాకా. వెనక టైరు కొత్తది, ముందు టైరు మార్చాలి. కుడివైపు ప్యానెల్ మీద గీత ఉంది, ఐదో ఫొటో చూడండి. రూ.48,000, కొద్దిగా బేరం ఉంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు. సాయంత్రం 6 నుంచి 9 మధ్య ఫోన్ చేయండి.’

మొదటిదానికి నలభై కాల్స్ వస్తాయి, రెండోదానికి ఎనిమిది. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు మెకానిక్‌ని వెంటబెట్టుకుని వస్తారు. టైంపాస్ గాళ్లని తిట్టి ఆపలేం. వివరాలన్నీ ముందే ఇస్తే వాళ్లకి అడగడానికేమీ మిగలదు, అంతే.

ఏం రాయాలో తోచకపోతే, మీరే ఆ వస్తువు కొనబోతున్నట్టు ఊహించుకుని ఫోన్లో అడిగే మొదటి ఐదు ప్రశ్నలూ కాగితం మీద పెట్టుకోండి. వాటి జవాబులే మీ ప్రకటన. నేను ఫ్రిజ్ అమ్మినప్పుడు కెపాసిటీ, కొన్న ఏడాది, స్టార్ రేటింగ్ అన్నీ రాసి, ‘మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు’ అన్నది మర్చిపోయాను. కొనడానికి ఒకాయన ఒక్కడే వచ్చాడు. మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి, నా వైపు చూసి, వెనక్కి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే ఆ నాలుగు మాటలూ చేర్చాను. తర్వాత వచ్చినాయన ఇద్దరు కుర్రాళ్లనీ, తాడునీ తెచ్చుకున్నాడు.

ఎందుకు అమ్ముతున్నారో ఒక ముక్క రాయండి. ‘ట్రాన్స్‌ఫర్ అయింది’, ‘కొత్త బండి తీసుకున్నాం’. అబద్ధం రాయకండి, రెండో ప్రశ్నలోనే దొరికిపోతుంది.

నాలుగో మెట్టు: ధర

మీ ఊళ్లోనే, అదే మోడల్, అదే ఏడాది ప్రకటనలు ఒక పదీ పన్నెండు చూడండి. వాటిలో రెండు నెలలుగా కదలనివి పక్కన పెట్టేయండి, అవి ఆశ ధరలు. వారం తిరక్కుండా మాయమైనవే అసలు ధరలు. అందుకే అమ్మాలనుకున్న పది రోజుల ముందు నుంచే చూస్తూ ఉండాలి. మనవాళ్లు బేరమాడకుండా కొనరు కాబట్టి పదో వంతు దాకా పైన వేసుకోండి. ‘లాస్ట్ ఎంత?’ అని ఫోన్లోనే అడిగితే ‘బండి చూశాక మాట్లాడుకుందాం’ అనండి. ఫోన్లో తగ్గించిన రేటు ఇంటికొచ్చాక మళ్లీ తగ్గుతుంది.

ఐదో మెట్టు: ఫోన్లు, మోసాలు

ఇక్కడ తీరిగ్గా చదవండి.

మా పిన్ని డైనింగ్ టేబుల్ రూ.12,000కి పెట్టింది. పది నిమిషాల్లో హిందీలో ఫోన్. ఆర్మీలో పనిచేస్తున్నాననీ, కంటోన్మెంట్‌లో క్వార్టర్ వచ్చిందనీ చెప్పాడు. ఫొటో నచ్చింది, రేటు ఓకే, మనిషిని పంపి తీసుకెళ్తా అన్నాడు. పిన్ని పొంగిపోయింది. నిజానికి అనుమానపడాల్సిన చోటు అదే. టేబుల్‌ని చూడకుండా, రూపాయి తగ్గించమనకుండా కొనేవాడు మన ఊళ్లో పుట్టలేదు.

తర్వాత డబ్బు. ‘ఆర్మీ అకౌంట్ కదా మేడమ్, ముందు టెస్టింగ్ చేయాలి, ఐదు రూపాయలు పంపండి’ అన్నాడు. పంపింది. పది తిరిగొచ్చాయి. నమ్మకం కుదిరింది. అప్పుడు వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది. ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, పన్నెండు వేలూ పడిపోతాయి.’ కొట్టింది. పిన్ని అకౌంట్లోంచే పన్నెండు వేలు పోయాయి. ‘అరే, పొరపాటైంది మేడమ్, రివర్స్ చేస్తా, ఈసారి ఇరవై నాలుగు వేల కోడ్ పంపిస్తున్నా’ అన్నాడు. అదృష్టం కొద్దీ మా తమ్ముడు పక్క గదిలోంచి వచ్చి ఫోన్ లాక్కున్నాడు.

ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయక్కర్లేదు. పిన్ కొడితే డబ్బు మన దగ్గర్నుంచి పోతుంది. ఒకరినొకరు యాప్‌లోనే డబ్బు అడిగే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ సదుపాయాన్ని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది, దాంతో మోసగాళ్లకి ఒక దారి మూసుకుపోయింది. క్యూఆర్ దారి ఇంకా తెరిచే ఉంది.

ఇంకో రకం నేరుగా ఇంటికే వస్తారు. సామాను బండికెక్కించి, ‘డబ్బు పంపాను చూడండి’ అని తమ ఫోన్లో పచ్చ టిక్కు చూపిస్తారు. అలాంటి టిక్కులు చూపించే నకిలీ యాప్‌లున్నాయి. వాళ్ల ఫోన్ చూడొద్దు, మీకొచ్చిన ఎస్ఎంఎస్ కూడా నమ్మొద్దు, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకోండి. ‘సర్వర్ స్లో, అరగంటలో పడుతుంది’ అంటే, ‘అరగంట కూర్చోండి, టీ పెడతా’ అనండి.

కొనేవాళ్ల మీద వేసే వల దీనికి తిరగేసిన రూపం. సగం ధరకే స్కూటీ. అమ్మేది సైన్యంలో పనిచేసే మనిషి, బదిలీ అయిపోయింది, బండి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉంది. ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, యూనిఫాంలో ఫొటో అన్నీ పంపుతాడు. ముందు ట్రాన్స్‌పోర్టు ఛార్జీ, తర్వాత ఇన్సూరెన్స్ ఛార్జీ, ఆ తర్వాత జీఎస్టీ. బండి మాత్రం రాదు. ఉద్యోగ ప్రకటనల్లో రిజిస్ట్రేషన్ ఫీజు, అద్దె ఇళ్లలో ‘గేట్ పాస్ ఛార్జీ’ కూడా ఇదే కుటుంబం. చూడకముందు డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాలి. డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకముందే ఆపగలిగితేనే వెనక్కొచ్చే అవకాశం ఉంటుంది. పిన్ని సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ ఆమెకి పన్నెండు వేలు ఖరీదయ్యాయి.

ఆరో మెట్టు: మనిషిని కలవడం

ఫోన్, వాచీ, కెమెరా లాంటి చిన్న వస్తువులైతే మెట్రో స్టేషన్ దగ్గరో, జనమున్న హోటల్లోనో కలవండి. ఇంటికి రావాల్సిన సామానైతే ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు పిలవండి. బండి ట్రయల్‌కి ఇస్తే మీరు వెనక కూర్చోవాలి. వీల్లేకపోతే ఆయన వచ్చిన బండి తాళం మీ చేతిలో పెట్టించుకోండి. మొహమాటపడకండి, నిజంగా కొనేవాడు ఏమీ అనుకోడు.

ఏడో మెట్టు: కాగితాలు

బండి విషయంలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డబ్బు తీసుకుని, పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, ఫారం 30 ఖాళీగానే ఉండగా వాటిమీద సంతకాలు పెట్టి, ఆర్సీతో సహా చేతిలో పెట్టేస్తారు. ‘నేను మార్పించుకుంటాలే అన్నా’ అంటాడు కొన్నాయన. మార్పించుకోడు. ఏడాది తర్వాత సిగ్నల్ జంప్ చలాన్లు మీ ఫోన్‌కే వస్తుంటాయి. చలాన్లయితే కట్టుకోవచ్చు. ప్రమాదం జరిగితే?

నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. కారు అమ్మేశారు, అది చేతులు మారి మారి వెళ్లింది, ప్రమాదం జరిగేనాటికి ఆర్సీలో మాత్రం మొదటి ఓనరు పేరే ఉంది. పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాళ్లదే అని కోర్టు చెప్పింది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవాళ్లు ఆర్టీవోకి తెలియజేయాలి. కొన్నవాళ్లకి 30 రోజుల గడువు. హైదరాబాద్ బండి విజయవాడ వెళ్తుంటే ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. అక్కడ లైఫ్ ట్యాక్స్ లెక్క వేరేగా ఉంటుంది, అది ఎవరు కడతారో బేరంలోనే తేల్చుకోండి. బండి మీద లోను తీరిపోయినా ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉండిపోతుంది. ఫారం 35, కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ పెట్టి దాన్ని ముందే తీయించండి. ఇది లేక చివరి నిమిషంలో చెడిన బేరాలు నేను రెండు చూశాను.

నేను చేసేదేమిటంటే, పేరు మార్పు ఫీజు నేనే కట్టి, స్లాట్ నేనే బుక్ చేసి, కొన్నాయన్ని వెంటబెట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్తాను. ఒక పూట పోతుంది. తర్వాత నిద్ర పడుతుంది. అది కుదరకపోతే కనీసం తేదీ, సమయం, కి.మీ. రీడింగ్ రాసి, ఇద్దరి సంతకాలతో డెలివరీ నోట్ రాసుకోండి, కొన్నాయన ఐడీ కాపీ జతచేయండి. సమయం ఎందుకంటే, మధ్యాహ్నం మూడింటికి ఇచ్చిన బండి నాలుగింటికి ఎవరినైనా గుద్దితే, అప్పుడు బండి మీ చేతిలో లేదనడానికి ఆ గంట తేడాయే ఆధారం; పరిహారం బాధ్యత మాత్రం ఆర్సీలో పేరు మారితేనే తప్పుతుంది.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ రక్షణ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) బండితోపాటే కొత్త ఓనరుకి వెళ్తుంది. బండికి జరిగే నష్టానికి మాత్రం ఆయన 14 రోజుల్లోగా కంపెనీకి అర్జీ పెట్టి పేరు మార్పించుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు: నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. కారు అమ్మేటప్పుడు కంపెనీ దగ్గర ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే కొత్త కారు ఇన్సూరెన్స్‌లో ఆ తగ్గింపు వస్తుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం దాకా ఉంటుంది.

ఫోన్ అమ్మితే: యూపీఐ, బ్యాంకు యాప్‌లు తీసేయండి. గూగుల్ అకౌంటో, ఐక్లౌడో ముందు సైన్ అవుట్ చేసి, ఆ తర్వాతే రీసెట్ చేయండి. వరస మారితే ఫోన్ లాక్ అయిపోయి, కొన్నవాడు రాత్రి పదకొండింటికి పాస్‌వర్డ్ అడుగుతూ ఫోన్ చేస్తాడు. సిమ్, మెమరీ కార్డు తీశారో లేదో చూసుకోండి.

ఫోన్ కొంటే: *#06# నొక్కండి, ఆ ఫోన్‌కి గుర్తింపు లాంటి ఐఎంఈఐ నంబరు వస్తుంది. బాక్సు మీదా, బిల్లు మీదా అదే ఉందో లేదో చూడండి. ఆంగ్ల అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో కూడా చూసుకోవచ్చు. దొంగ ఫోనని బ్లాక్ చేసి ఉంటే ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు, పైగా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. బిల్లు లేదంటే ఎంత చవకైనా వదిలేయండి.

చివరి పని

డబ్బు పడగానే ప్రకటన తీసేయండి. పెట్టిన ప్రతిచోటా, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపులో కూడా. నా ఫ్రిజ్ అమ్ముడైపోయి నాలుగు నెలలైంది. ఒక గ్రూపులో పెట్టిన సంగతి మర్చిపోయాను. మొన్న ఆదివారం పొద్దున్నే ఒకాయన ఫోన్ చేసి, ఇంటి కిందే ఉన్నానన్నాడు. బాల్కనీలోంచి చూస్తే, ఇద్దరు కుర్రాళ్లూ, ఒక తాడూ.